ఓడిన వరుసలు

మా షాపులో చావు అన్న మాట ఎవరూ రాయరు. ఆర్డరు ఏ పని కోసమో రాయాల్సి వచ్చినప్పుడు పసుపు ఉందా, లేదా అన్నదే రాస్తారు. పసుపు ఉందంటే పెళ్ళి, ఓణీలు, సీమంతం, గృహప్రవేశం, ఇలాంటివి. ఆ బట్టల నాలుగు మూలలా తడి పసుపు బొట్లు పెడతారు. పైన ఎర్ర అక్షరాల శుభాకాంక్షల కార్డు ఉంచి, కాగితంలో చుట్టి, పసుపు దారంతో కట్టి, చేతికిచ్చేటప్పుడు "మళ్ళీ రండి" అంటారు. పసుపు లేదంటే గోధుమరంగు కాగితం, తెల్ల దారం. చేతికిచ్చి ఊరుకుంటారు. అలాంటి పని మీద మళ్ళీ రమ్మని ఎవరంటారు?

షాపు మా షావుకారు గారిది. వాళ్ళ పెద్దలు మగ్గం మీద తామే నేసి, తామే మోసుకెళ్ళి అమ్మినవాళ్ళు. ఇప్పుడు వీళ్ళు నేయించి అమ్ముతారు. విజయవాడ పటమటలో పెద్ద షాపు ఉంది. ఉయ్యూరులో ఒకటి, చల్లపల్లిలో ఒకటి చిన్నవి ఉన్నాయి. నేను పెద్ద షాపులో కంప్యూటర్ చూస్తాను. ఇల్లు ఉయ్యూరులో. రోజూ బస్సులో వచ్చి పోతాను.

నా కాలేజీ చదువు ఇంటర్‌తో ఆగింది. ఆ తర్వాత చదివిందంతా ఉయ్యూరు శాఖా గ్రంథాలయంలోనే. ఈ మాట అడిగినవాళ్ళతోనూ, అడగనివాళ్ళతోనూ చాలాసార్లు అన్నాను. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళతో కూడా అన్నాను. చరిత్ర, వైద్యం, నక్షత్రాలు, ఏది దొరికితే అది చదివాను. ఎక్కడో ఒక ఇంజనీరింగ్ కాలేజీ మూతపడితే దాని పుస్తకాలు కొన్ని మా గ్రంథాలయానికి వచ్చాయి. డేటాబేసుల మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి వాటిలో ఉంది. దాన్ని నాకంటే ముందు ఎవరూ తెరిచినట్టు లేదు. కొన్ని పేజీల అంచులు ఇంకా అతుక్కునే ఉన్నాయి. నిఘంటువు పక్కన పెట్టుకుని, ఆ పేజీలను గోటితో విడదీసుకుంటూ చదివాను. ఆ విడదీయడంలో ఉన్న గర్వం ఇప్పటికీ వేళ్ళకు గుర్తుంది.

ఆ పుస్తకం వల్లే షాపులో నా స్థానం పెరిగింది. చల్లపల్లిలో ఇంటర్నెట్ నమ్మకంగా ఉండదు. గట్టి వాన పడితే లైను పోతుంది. అందుకని మూడు షాపుల్లో మూడు కంప్యూటర్లు, ఒక్కోదానిలో మొత్తం ఆర్డర్ల నకలు, ఆర్డరుకొక వరుస చొప్పున, పూర్తిగా ఉంటుంది. ఎవరి నకలు మీద వాళ్ళు పని చేసుకుంటారు. తెర మీద ఎడమ పక్కన రెండు ఆకుపచ్చ బాణాలు గుండ్రంగా తిరిగే చిన్న బొమ్మ ఉంటుంది. లైను ఉన్నప్పుడు దాన్ని నొక్కితే, ఎక్కడ ఏం మారిందో షాపులు ఒకదానికొకటి చెప్పుకుని మళ్ళీ మూడు నకళ్ళూ ఒకటవుతాయి. మా భాషలో దాన్ని సింక్ అంటాం. దాన్ని అమర్చడానికి విజయవాడలోనే ఉండే ఒకతన్ని పిలిపించారు. అతను సెట్టింగుల గురించి చెప్పబోతే, "అవి నాకు తెలుసండీ, నేను చూసుకుంటాను" అన్నాను. అతను సంతోషంగా బ్యాగు సర్దుకున్నాడు.

ఆ సెట్టింగుల్లో అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఒకటుంది. ఒకే ఆర్డరును రెండు షాపులూ మార్చి ఉంటే ఎవరి మాట నిలబడాలి? నేను పెద్ద షాపు అని పెట్టాను. ఆ సాయంత్రమే మూడు షాపులవాళ్ళనూ పటమటకు పిలిపించి, పాఠం చెప్పినట్టు చెప్పాను.

చల్లపల్లి షాపు చూసే ఆయనను మేమందరం బాబాయి అంటాం. అరవై దాటిన మనిషి. కీబోర్డు మీద ఒక్క వేలుతో కొడతారు. గొంతు పెద్దది. బాబాయి చల్లపల్లిలో మాట్లాడితే పటమటలో ఫోను ఎత్తకుండానే వినపడుతుందని షాపులో ఒక జోకు. నా పాఠం మధ్యలో ఆయన చెయ్యెత్తారు.

"ఒకే ఆర్డరు నేనూ మార్చి నువ్వూ మారిస్తే, నిలబడేది నీదన్నమాట."

"నాది కాదు బాబాయి. పెద్ద షాపుది."

"అదే. మరి నాది?"

"మీది ఓడిపోతుంది. కానీ ఎక్కడికీ పోదు. ఓడిన వరుసలన్నీ పక్కన ఒకచోట దాస్తుంది. తర్వాత నేను చూసి, ఏది సరైనదో అది ఉంచుతాను."

"అంటే ఆట మొదలుకాకముందే నేను ఓడిపోయి కూర్చున్నా."

"ఇది ఆట కాదు బాబాయి. పుస్తకంలో అలాగే ఉంది."

"పుస్తకంలో చల్లపల్లి ఓడాలని ఉందేంటి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ లోపల మండింది.

అప్పటిదాకా బాబాయికి ఒక అలవాటు ఉండేది. ఏ ఆర్డరులో ఏం మార్చినా ఫోన్ చేసి చెప్పేవారు. అంచు రంగు మారితే ఒక ఫోను, తీసుకునే రోజు మారితే ఒక ఫోను. దానితోపాటు వాళ్ళ వీధిలో సంగతులు, మోకాలి నొప్పి, ఆ పూట వాళ్ళింట్లో కూర. పాఠం అయ్యాక ఆయనతో అన్నాను: "ఇంక ఫోన్లు చెయ్యకండి బాబాయి. మీరు మార్చింది నాకు కంప్యూటర్లోనే వస్తుంది. మళ్ళీ నోటితో చెప్పడం ఎందుకు?"

"నాకు చెప్పకపోతే తోచదమ్మా."

"తోచకపోతే ఇంటికి చేసుకోండి."

ఈ మాట అందరి ముందే అన్నాను. ఆ రోజు నుంచి ఫోన్లు ఆగిపోయాయి. షాపు పని ఎంత నిశ్శబ్దంగా జరుగుతోందో చూడండని షావుకారు గారితో చెప్పుకున్నాను కూడా.

ఓడిన వరుసలు ఉన్నప్పుడు సింక్ బొమ్మ మూలన నారింజ రంగు ముక్కోణం వెలుగుతుంది. మొదట్లో ప్రతిసారీ తెరిచి చూసేదాన్ని. అన్నీ చిన్న చిన్నవే ఉండేవి. ఒకే ఫోన్ నంబరును ఇద్దరం రాసినవి, ఒకే తేదీని ఇద్దరం దిద్దినవి. కొన్నాళ్ళకు విసుగొచ్చి తెరవడం మానేశాను. ముక్కోణం వెలుగుతూనే ఉండేది. మా కౌంటరు అమ్మాయి ఒకసారి అదేంటని అడిగితే, "ఏం లేదు, సమాచారం" అన్నాను. రోజూ కళ్ళెదుట ఉన్నదాన్ని చూడకుండా ఉండటం ఎంత తేలికో అప్పుడే నేర్చుకున్నాను. అది మాత్రం ఏ పుస్తకంలోనూ చదవలేదు.

పోయిన చలికాలం తుపాను వానల్లో చల్లపల్లి లైను కొన్నాళ్ళు పోయింది. ఆ రోజుల్లోనే నాకొక ఆలోచన వచ్చింది. గ్రంథాలయంలో మన జిల్లా గురించిన పాత పుస్తకం ఒకటి చదువుతున్నాను. మా ఆర్డర్లలో చిరునామాలు ఊరి పేరుతో ఆగిపోయేవి. మండలం పేరు ఉండేది కాదు. ఎవరూ చెయ్యమనలేదు. నేనే కూర్చుని, అప్పటికి ఉన్న ఆర్డర్లన్నిటిలోనూ మండలం పేరు చేర్చాను. ఏ ఊరు ఏ మండలంలో ఉందో చూడకుండానే చెప్పగలుగుతున్నానని మురిసిపోయాను. ఆ విధంగా పెద్ద షాపు నకలులో ప్రతి వరుసా మారింది. అదే సమయంలో చల్లపల్లిలో బాబాయి, లైను లేకపోయినా, వచ్చినవాళ్ళు చెప్పిన మార్పులన్నీ తన నకలులో ఒక్క వేలుతో కొట్టుకుంటూ కూర్చున్నారు.

వానలు వెలిసి లైను వచ్చింది. సింక్ అయింది. ముక్కోణం వెలిగింది. నేను తెరవలేదు.

నేను మార్చింది చిరునామా గడి. ఆయన మార్చింది వేరే గడి. అయినా వరుస మొత్తం గెలుస్తుంది, వరుస మొత్తం ఓడుతుంది. ఆ సంగతి పుస్తకంలో ఉంది. ఆ వాక్యం కింద, గ్రంథాలయం పుస్తకమని కూడా చూడకుండా, పెన్సిలుతో గీత గీసింది నేనే.

కొన్ని రోజుల తర్వాత పొద్దున షాపు తెరిచిన కాసేపటికే బాబాయి ఫోన్ చేశారు. చాలాకాలం తర్వాత వచ్చిన ఫోను. గొంతు మాత్రం ఎప్పటిలా పెద్దగా లేదు.

"అమ్మా, నేను తీసేసిన పసుపు మళ్ళీ ఎందుకుంది ఇందులో?"

"ఏ ఆర్డరు బాబాయి?"

ఆయన చెప్పారు. చల్లపల్లి దగ్గర పల్లెలో ఒకావిడ కొడుక్కి సంబంధం కుదిరింది. అమ్మాయివాళ్ళది ఉయ్యూరు అవతల ఊరు. ఇంకా తాంబూలాలు మార్చుకోలేదు, నోటిమాట మీదే ఉంది. తాంబూలాలనాడు అమ్మాయి తండ్రికి పంచెల చాపు, తల్లికి చీర పెట్టాలని ఆవిడ మా దగ్గర చెప్పి చేయించుకుంటోంది. ఇంతలో అమ్మాయి నాయనమ్మ పోయింది. తాంబూలాలు ఆగిపోయాయి. సంబంధం అనుకోగానే ఆ ఇంట్లో ఇలా జరిగిందని, ఇక అబ్బాయివాళ్ళు వెనక్కి తగ్గుతారని రెండు ఊళ్ళలోనూ మాటలు పుట్టాయి. ఆవిడకు అమ్మాయి నచ్చింది. మాటలకు మాటలతో జవాబు చెప్పడం కంటే, పెద్ద కర్మకు తానే వెళ్ళి, చుట్టరికం కలవకముందే చుట్టంలా బట్టలు పెట్టి రావాలనుకుంది.

"ఆ బట్టలే పంపండి, ముందు చెప్పిన రోజుకే పంపండి, పసుపు మాత్రం వద్దు, కార్డు వద్దు అని నా ఎదురుగా కూర్చుని చెప్పిందమ్మా. ఈ సంబంధం నిలబడాలి బాబాయి గారూ అంది. నేను పసుపు తీసేసి, తీసేశానో లేదో రెండోసారి చూసుకున్నా. ఇవాళ తెరిస్తే మళ్ళీ ఉంది."

"పొట్లం వెళ్ళిందా?"

"నిన్న మీ వ్యాను నేరుగా ఆవిడ ఇంటి దగ్గరే దించింది కదా. నా దాకా వస్తే నేనాపనా?"

"కర్మ ఎప్పుడు?"

"ఇవాళే."

ముక్కోణాన్ని నొక్కాను. పొడుగాటి జాబితా తెరుచుకుంది. అన్నీ చల్లపల్లివే. మధ్యలో ఆ వరుస ఉంది. పసుపు లేదు. గెలిచిన వరుస దాని పక్కనే ఉంది. పసుపు ఉంది. అందులో మండలం పేరు కూడా ఉంది.

ఆవిడ నంబరుకు ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. షావుకారు గారితో సంగతి చెప్పి, అలమరలోంచి అదే రకం పంచెల చాపు, అలాంటిదే చీర తీసి, గోధుమరంగు కాగితంలో చుట్టి తెల్ల దారం కట్టాను. పొట్లం విప్పేలోపు అమ్మాయివాళ్ళింటికి చేరి మార్చేస్తే చాలని, దారి పొడుగునా అదొక్కటే అనుకున్నాను. షావుకారు గారు వ్యాను దగ్గరికి వచ్చి నెమ్మదిగా చెప్పారు: "కంప్యూటర్ పొరపాటని చెప్పమ్మా. ఈ రోజుల్లో కంప్యూటర్‌ని ఎవరూ ఏమనరు."

ఆ సలహా నాకు ఎంత నచ్చిందో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కంకిపాడు దాటేదాకా దాన్నే మంచి వాక్యాలుగా మార్చుకుంటూ కూర్చున్నాను. ఉయ్యూరులో చెరకు ట్రాక్టర్లు వరసగా అడ్డం వచ్చాయి. ఒక్కోదాని వెనక వ్యాను పాకుతూ వెళ్ళింది.

ఆ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వాకిట్లో షామియానా వేసి ఉంది, కుర్చీల్లో మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. వ్యాను దిగుతూనే పిట్టగోడ వైపు చూశాను. పంచె అక్కడ తడిగా వేలాడుతోంది. మూలల్లో పసుపు లేదు. ఎర్రగా ఉంది. పసుపు మీద సబ్బు పడితే ఎర్రబడుతుందని ఈ ప్రాంతంలో ఎవరికి తెలియదు? కంగారులో ఎవరో సబ్బుతో రుద్దేశారు. కర్మ జరిగే ఇంట్లో, గోడ మీద, పారాణి పెట్టినట్టున్న పంచె.

కుళాయి దగ్గర ఒకావిడ చేతులు తడిగా పెట్టుకుని నిలబడి ఉంది. పెళ్ళికొడుకు తల్లి ఆవిడేనని అడగకుండానే తెలిసింది. రుద్దింది ఆవిడే.

"మీరెవరమ్మా?" అన్నాడు కుర్చీలోంచి ఒకాయన. అమ్మాయి మేనమామ అని తర్వాత తెలిసింది.

"బట్టల షాపు నుంచండీ. పటమట."

"ఓహో. శుభాకాంక్షలు చెప్పింది మీరేనా." కార్డు ఆయన చేతిలోనే ఉంది.

"కంప్యూటర్ పొరపాటండీ," అన్నాను.

"పసుపు కంప్యూటర్ కలిపిందా?"

వెనక ఎవరో నవ్వు ఆపుకున్నారు. నేను ఆగలేదు. దారిలో సిద్ధం చేసుకున్న వాక్యాలు ఉన్నాయి కదా. "మాకు మూడు షాపులండీ. మూడింటిలో మూడు నకళ్ళుంటాయి. ఒకే వరుసను రెండు చోట్ల మారిస్తే ఒకటి గెలుస్తుంది, ఒకటి ఓడుతుంది. ఇక్కడ ఏం జరిగిందంటే..."

అది పాఠం చెప్పిన గొంతే. నాకే వినపడింది.

"ఏంటే ఈ పిల్ల చెప్పేది?" అంది అరుగు మీద కూర్చున్న ఒక పెద్దావిడ పక్కావిడతో. "పంచెల సంగతా, పంచాయతీ ఎన్నికల సంగతా?"

మేనమామ నా వైపు చూడటం మానేసి కుళాయి వైపు తిరిగాడు. "అమ్మా, మీకు ఇష్టం లేకపోతే నోటితో చెప్తే సరిపోయేది. పోయిన మనిషి పేరు మీద అందరం కూర్చున్న చోట ఇట్టా చెప్పాలా?"

"నేను వద్దన్నానండీ అన్నయ్యగారూ," అందావిడ. "చల్లపల్లిలో వాళ్ళ షాపులో కూర్చుని మరీ చెప్పాను, పసుపు వద్దని."

"మీరేమో వద్దని చెప్పానంటారు. ఈ అమ్మాయేమో కంప్యూటరంటుంది. ఎవరి మాట నమ్మాలి మేము?"

అప్పుడు అర్థమైంది నాకు. నేను వచ్చి ఆవిడకు మేలు చెయ్యలేదు. ఆవిడ చెప్పిన నిజానికి పక్కన నా సాకు తెచ్చి నిలబెట్టాను. రెండూ ఒకే తానులో ముక్కల్లా కనపడుతున్నాయి వాళ్ళకు. ఆవిడ నా వంక చూడలేదు. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూనే ఉంది.

"ఆవిడ వద్దని చెప్పారండీ," అన్నాను. "పసుపు వద్దు, కార్డు వద్దు అని చెప్పారు. మా చల్లపల్లి ఆయన అలాగే రాశారు. అది నా దగ్గరికి వచ్చింది. నేను చూడలేదు."

"చూడకపోవడమేంటి?"

"చూడాల్సిన పని నాదేనండీ. రోజూ చూడాలి. మానేశాను."

వంటవాళ్ళ గరిటెల చప్పుడు వినపడుతోంది.

"ఆ మాటేదో వస్తూనే చెప్పొచ్చుగా," అన్నాడు మేనమామ. కోపం తగ్గింది కానీ నన్ను చూసే చూపు మారలేదు. మోసం చేశామని అనుకున్నప్పుడు ఆ చూపులో నన్ను లెక్కచేయడం కొంతైనా ఉంది. ఇప్పుడు అది కూడా లేదు.

గుండుతో, తడి పంచెతో పీట మీద కూర్చున్న అమ్మాయి తండ్రి అప్పటిదాకా తల ఎత్తలేదు. "ఇంక వదిలెయ్ బావా," అన్నాడు. "ఆవిడ పొద్దున్నే లేచి అంత దూరం నుంచి వచ్చారు."

పొట్లం ఆయనకు అందించబోయాను. మేనమామ చెయ్యి అడ్డం పెట్టాడు. "మాకివ్వడానికి నువ్వెవరమ్మా? ఆవిడ చేతికివ్వు."

ఇచ్చాను. ఆవిడ గాజుల సందుల్లో సబ్బు నురగ ఇంకా ఉంది. కాగితం మీద రెండు తడి మచ్చలు పడ్డాయి. ఆవిడ వెళ్ళి పంచెల చాపు ఆయన చేతుల్లో పెట్టింది. చీర అమ్మాయి తల్లి అందుకుంది. అందుకుని, "భోజనం చేసిగానీ వెళ్ళకూడదు వదినగారూ" అంది. ఆ వదినగారూ అన్న పిలుపుతో సంబంధం నిలబడిందని తెలిసింది. నాకెవరూ చెప్పలేదు. నాకు చెప్పాల్సిన పని కూడా లేదు.

నేను వ్యాను ఎక్కబోతుంటే ఆవిడ గేటు దాకా వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"నీ గురించి మీ బాబాయి గారు చెప్పారమ్మా. అక్కడ పెద్ద షాపులో ఒక పిల్ల ఉంది, లైబ్రరీ అంతా చదివేసింది, తన దగ్గర తప్పు జరగదు అన్నారు. అందుకే పొట్లం విప్పి చూసుకోకుండా తెచ్చాను. దారం పసుపుగా ఉంటే మీ పద్ధతేమో అనుకున్నా."

ఇంతే చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. అలాంటి ఇంటి నుంచి వెళ్ళేటప్పుడు వస్తానని చెప్పకూడదు. చెప్పకుండానే వ్యాను ఎక్కాను.

బాబాయి నన్ను పొగిడేవారని అప్పటిదాకా నాకు తెలియదు. ఇంటికి చేసుకోండని అందరి ముందూ అన్న తర్వాత కూడా, కొనడానికి వచ్చినవాళ్ళ దగ్గర ఆయన నా చదువు గురించి చెప్పుకుంటున్నారు. నేను చెప్పుకున్నంత గొప్పగానే. నా గొప్పను నేను చెప్పుకుంటే వినేవాళ్ళు సగమే నమ్ముతారు. ఆయన చెబితే ఆవిడ మొత్తం నమ్మింది. ఆ నమ్మకమే ఆవిడను ఆ కుళాయి దగ్గర నిలబెట్టింది. తిరుగు ప్రయాణంలో ఈ సంగతి ఎటు తిప్పి చూసినా నాకు అనుకూలమైన పక్క ఒక్కటీ కనపడలేదు.

షాపుకు వచ్చాక షావుకారు గారు అడిగారు. "కంప్యూటర్ అని చెప్పావా?"

"చెప్పానండీ. నమ్మలేదు."

"జనం మారిపోయారమ్మా," అన్నారాయన విచారంగా.

మర్నాడు పటమటకు వెళ్ళకుండా చల్లపల్లి బస్సెక్కాను. ఆ జాబితాలో మిగిలినవన్నీ చల్లపల్లివే. అవి ఏవో, ఎందుకు మార్చారో చెప్పగలిగింది ఆయనొక్కరే. నేను షాపులోకి అడుగు పెట్టగానే బాబాయి కళ్ళజోడు సర్దుకుని చూశారు.

"రామ్మా. గెలిచిన షాపు నుంచి వచ్చావు. కుర్చీ వేసుకో."

క్షమించమని అడగాలని బస్సులో అనుకుంటూ వచ్చాను. అది అడగకుండానే కుర్చీ వేసుకున్నాను. ఆయన కంప్యూటర్ మీదే జాబితా తెరిచి ఒక్కో వరుసా చదివాను. ఆయన ఒక్కోదానికి కథంతా చెప్పారు. ఎవరు వచ్చారు, ఎవరితో వచ్చారు, ఏ రంగు చూసి ఏ రంగుకు మారారు. ఇంతకుముందు ఫోనులో నేను సగం వినకుండా వదిలేసిన కథల్లాంటివే. కొన్నిటిలో తప్పు ఆయనదే. తేదీలు తలకిందులు చేసి కొట్టారు. ఒకచోట అన్న ఆర్డరు తమ్ముడి పేరు మీద మార్చేశారు. "ఇందులో నువ్వే గెలవడం మంచిదైంది," అన్నారు, కొంచెం కూడా తగ్గకుండా. నవ్వు వచ్చింది కానీ నవ్వే హక్కు ఉందో లేదో తెలియక ఊరుకున్నాను.

మధ్యాహ్నానికి ఒక వరుస దగ్గరికి వచ్చాం. పట్టు చీర. పెద్ద షాపు నకలులో పెద్ద జరీ అంచు అని ఉంది. ఓడిన వరుసలో జరీ వద్దు, నూలు అంచు చాలు అని ఉంది.

"ఇదేంటి బాబాయి? పట్టు చీరకు జరీ వద్దనడమేంటి?"

"ఆవిడకు కళ్ళు కనపడవమ్మా. చేత్తో తడుముకుని కట్టుకుంటుంది. జరీ గరుకు వేళ్ళకు తగిలితే మడతలు తెలియవంట. ముందు వాళ్ళ కోడలు వచ్చి జరీ అంచు చెప్పి వెళ్ళింది. తర్వాత ఈవిడే స్వయంగా వచ్చి మార్పించుకుంది."

ఎడమ పక్కన చూశాను. చీర ఇచ్చేసినట్టు గుర్తు ఉంది. పెద్ద జరీ అంచుతో.

"ఇచ్చేటప్పుడు మీరు చూడలేదా?"

"కోడలొచ్చి తీసుకెళ్ళింది. నేను భోజనానికి వెళ్ళాను."

"మరి ఆవిడ ఏమన్నారు?"

"మొన్న గుడి దగ్గర కనపడి, చీర చాలా బాగుంది బాబూ అంది. నేను రాసినట్టే నూలు అంచుతో వచ్చింది కాబోలు అనుకున్నా."

ఇద్దరం ఆ వరుస వైపు చూస్తూ కూర్చున్నాం. చాలా బాగుందని ఆవిడ ఎందుకు అని ఉంటుందో నాకు తెలిసినట్టే అనిపించింది. చెప్పిన మాటను అవతలివాళ్ళు వినిపించుకోనప్పుడు కొందరు రెండోసారి చెప్పరు.

"ఇల్లెక్కడ?"

"బస్టాండు వెనక సందులో చివరిది. ఈ వేళప్పుడు ఇంట్లోనే ఉంటుంది."

లేచి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్నాను. బాబాయి వెనక నుంచి పిలిచారు.

"అమ్మా, కంప్యూటర్ అని మాత్రం చెప్పకు."

చెప్పనన్నాను.